చూడ్డానికి మాత్రమే

మా అత్తయ్య పెట్టుడు కళ్ళకు రంగులు వేస్తుంది. నేను కంప్యూటర్లు బాగుచేస్తాను, సగం ఆఫీసుల్లో నన్ను తీగలక్క అంటారు. ఆవిడ నోట్లోంచి మాట ఊడిపడదు, నా నోట్లో మాట ఆగదు. పదహారేళ్ళుగా మా ఇద్దరి మధ్యా మా ఆయన క్షేమంగా ఉన్నాడంటే, చెవులు రెండూ గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి లోపలికి వస్తాడు కాబట్టి.

మంగళవారం నాడు ఆవిడ రోజూ వచ్చే వేళకు రెండు గంటల ముందే ఇంటికొచ్చి, భుజాన సంచీ కూడా దించకుండా వంటింటి కుర్చీలో కూర్చుంది. టీ ఇస్తే చల్లారిపోయింది. అడగ్గా అడగ్గా ముక్కముక్కలుగా చెప్పింది. తను పనిచేసే చోట ముందుగదిలో కొత్త కంప్యూటరు పెట్టారు. దాంట్లోంచి, వెనకగదిలో ఉన్న తన పాత కంప్యూటర్లోని ఫోల్డరు తెరుచుకోవడం లేదు. అందరి కళ్ళ ఫోటోలూ, కొలతలూ, రంగుల నంబర్లూ ఉండేది ఆ ఫోల్డర్లోనే. ఓనరు కూతురు వెనకగదిలోకి వచ్చి, ఇద్దరు పేషెంట్లు వింటూ ఉండగా, మీరే తాళం వేశారు అంది. చిన్నప్పటి నుంచీ పిన్నీ పిన్నీ అని కొంగు పట్టుకు తిరిగిన పిల్ల. మీరు అంది.

నాకు ఒళ్ళు మండింది. అప్పటికప్పుడు బయల్దేరబోయాను. అత్తయ్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"గొడవ వద్దు. తాళం వేశానన్న మాట ఆ పిల్ల వెనక్కి తీసుకుంటే మళ్ళీ బ్రష్షు పట్టుకుంటాను. తీసుకోకపోతే ఇంతటితో సరి. మాట పడి ఆ కుర్చీలో కూర్చోలేను."

ఇరవై రెండేళ్ళ కుర్చీ అది. మామయ్య పోయిన ఏడు, ఏ పనీ రాని మనిషిగా ఆ గుమ్మం ఎక్కింది. ఇప్పుడు ఆవిడ వేసిన కళ్ళు పెట్టుకుని ఎంతమంది తిరుగుతున్నారో ఆవిడకే తెలియదు. సెలవునాడు కూడా కిటికీ దగ్గర నిలబడి ఎదురింటివాళ్ళ కళ్ళ రంగు చూస్తూంటుంది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, పని లేని అత్తను మాత్రం ఏ కోడలూ కోరుకోదని నవ్వించబోయాను. నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. మేడమెట్ల పక్కన రెండు గదులు, ఒకదాని వెనక ఒకటి. అత్తయ్య ముందుగది గుమ్మం దాటి లోపలికి రానంది. బయట గోడవార పేషెంట్ల బెంచీ మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ అప్పటికే ఎదురుచూస్తోంది. రోజూ తాళంచెవి తీసుకుని మొదట తలుపు తెరిచే మనిషి అలా పరాయిదానిలా కూర్చుంది.

ఓనరును అందరూ అచ్చులాయన అంటారు. కన్ను పోయిన చోట అచ్చు తీసి, సరిపడా తెల్లగుడ్డు పోతపోసేది ఆయనే. డెబ్భై దాటాయి. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, బాగున్న కంటికి ఫోటో తీసి, నల్లగుడ్డు వెడల్పు కొలిచి, రంగుల అట్ట పక్కన పెట్టి పోల్చి నంబరు రాస్తాడు. వెనకగదిలో అత్తయ్య ఆ ఫోటో, ఆ నంబరు చూసుకుంటూ చిన్న బిళ్ళ మీద నల్లగుడ్డు వేస్తుంది. ఎర్ర పట్టుదారం పోగులు పరిచి తెల్లగుడ్డు మీద నరాలు తెప్పిస్తుంది. నేను గుమ్మంలో నిలబడితే ఆయన ఎవరూ అన్నాడు. మాట్లాడాక, అమ్మా నువ్వా, రా అన్నాడు.

కూతురు చెడ్డది కాదు. ఏడాదిగా వ్యవహారమంతా తనే చూస్తోంది, గదులు అద్దంలా ఉంచుతుంది. రెండు నెలల కిందట ఒక డ్రైవింగు మాస్టారికి పెట్టిన కన్ను ఒక ఛాయ ఎక్కువ నలుపు, అర మిల్లీమీటరు ఎక్కువ వెడల్పు వచ్చింది. నేర్చుకునేవాళ్ళు నవ్వుతున్నారని ఆయన తిరిగొచ్చి, ఆ కన్ను తీసి ఈ పిల్ల చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడూ అత్తయ్య మాట పడింది. తలొంచుకుని మళ్ళీ వేసిచ్చింది. ఆ సంగతి కూడా నాకు నిన్ననే తెలిసింది.

సరే, పనిలో దిగాను. కొత్తది విండోస్, వెనకగదిలోది లినక్స్. ఆ పాతదాన్ని పదకొండేళ్ళ కిందట ఎవరో పెట్టి వెళ్ళారు, దుమ్ము దులపడం తప్ప నేను దాని జోలికి పోలేదు. ముందు తీగ చూశాను. బాగుంది. ఉన్నావా అని కొత్తదానితో పాతదాన్ని పిలిపించాను. ఉన్నానంది. ఫోల్డరు అడిగాను. తెర మీద పెట్టె వచ్చింది, ఇక్కడికి వెళ్ళడానికి వీల్లేదని ఒక ముక్క, ఎందుకు వీల్లేదో ఇంకో ముక్క. మొదటి ముక్క ఒక్కటే చదివితే అవతలివాళ్ళు తాళం వేశారనే ఎవరికైనా అనిపిస్తుంది. ఓనరు కూతురు అంతే చదివింది. రెండో ముక్క ఎవరూ చదవరు. నా బతుకు గడిచేది ఆ రెండో ముక్క మీదే.

సంచీలోంచి నా ల్యాప్‌టాప్ తీశాను. అది మాక్, ఇంకో జాతి. అదే తీగ దానికి తగిలించి ఫోల్డరు అడిగాను. అతిథిగా వస్తావా అంది. అవునన్నాను. మొత్తం తెరుచుకుంది, రెండు వేల పైచిలుకు కళ్ళు.

ఓనరు కూతుర్ని పిలిచి చూపించాను. పదకొండేళ్ళుగా ఆ తలుపు బార్లా తెరిచే ఉందమ్మా అన్నాను. ఎవరొచ్చినా అతిథే, పేరు అడగరు, సంకేతపదం అడగరు. నీ కొత్త కంప్యూటరుకు పట్టింపులెక్కువ, పేరడగని ఇంట్లో అడుగు పెట్టనంటోంది, దాని భద్రత దానిది. గొడవంతా తాళం వేసినందుకు కాదు, వెయ్యనందుకు. నా గొంతు కాస్త పెద్దదే, బెంచీ దాకా వినపడాలనే పెద్దది చేశాను. దారులు రెండున్నాయని చెప్పాను. కొత్తదానికి నచ్చజెప్పి దాని పట్టింపు మాన్పించడం ఒకటి. పాతదాంట్లో ఒక్కొక్కరికీ పేరూ సంకేతపదమూ పెట్టడం రెండోది. మంచిది రెండోదే అని కూడా చెప్పాను, నా నోరు ఊరుకోదు కదా.

ఆ పిల్ల శ్రద్ధగా విన్నది. రెండోదే చెయ్యమంది. ఎవరు రాశారో, ఎవరు మార్చారో పేరుతో సహా కనపడాలట, మాస్టారి కన్ను లాంటిది మళ్ళీ జరగకూడదట. అయితే ఆ మాట వెనక్కి తీసుకో అన్నాను.

"తీసుకుంటాను," అంది. "కానీ లోపల 'పాతవి' అని ఇంకో ఫోల్డరుంది. అది ముందుగదిలో ఇదివరకున్న కంప్యూటర్లోంచి కూడా తెరుచుకునేది కాదు. ఏముందని అడిగితే ఏం లేదన్నారు. ఏం లేనిదానికి తాళం ఎందుకండీ?"

నా ల్యాప్‌టాప్‌లో దాని మీద నొక్కాను. అనుమతి లేదంది. తేలు కుట్టిన దొంగలా అయిపోయాను, ఎందుకంటే ఆ తాళం వెయ్యడం నేర్పింది నేనే. మూడేళ్ళ కిందట ఒకరోజు ఇంట్లో, ఒక ఫోల్డరు తను తప్ప ఎవరూ చూడకుండా చెయ్యడం ఎలాగని అత్తయ్య అడిగింది. నేర్పాను. ఈ వయసులో ప్రేమలేఖలేమైనా దాస్తున్నారా అని ఏడిపించాను కూడా. ఆ తర్వాత మర్చిపోయాను.

చూసి చెప్తానని వెనకగదిలోకి ఒక్కదాన్నే వెళ్ళాను. కిటికీ పక్కన బల్ల. మూడు వెంట్రుకల బ్రష్షులు కడిగి బోర్లించి ఉన్నాయి. గాజుమూత కింద సగం వేసిన నల్లగుడ్డు ఒకటి ఎండిపోతోంది. నా మోకాళ్ళు బల్లకు తగులుతుంటే కుర్చీ కాస్త దించి కూర్చున్నాను. ఆ కంప్యూటరు రోజూ తెరిచేది ఆవిడ పేరుతోనే కాబట్టి నన్నేమీ అడగలేదు.

ముందు పెద్ద ఫోల్డరు చూశాను. ఏ ఫైలు ఎవరిది అన్నచోట, ముందుగది నుంచి వచ్చినవన్నిటికీ ఒకటే పేరు, నోబడీ. పేరు చెప్పకుండా వచ్చే అతిథులకు లినక్స్ పెట్టుకునే పేరు అది. ఎవరూ కాదు అని. తర్వాత 'పాతవి' తెరిచాను. నలభై ఒక్క ఫైళ్ళున్నాయి.

మొదటిది అచ్చులాయన రాసిన కొలత. నల్లగుడ్డు పన్నెండు, రంగు పద్నాలుగు, కుడి కన్ను. అదే పేషెంటుది పెద్ద ఫోల్డర్లో చూస్తే పదకొండున్నర, రంగు పదకొండు, ఎడమ కన్ను. రెండోదీ అంతే, ఇక్కడొకటి, అక్కడొకటి. మూడోదాని కింద అత్తయ్య ఒక ముక్క రాసుకుంది: మంచినీళ్ళిచ్చే వంకతో కిటికీ దగ్గర చూశాను, పదకొండే. ఇంకోదాని కింద: గొడుగు మర్చిపోయారని సందు చివరి దాకా వెళ్ళి చూశాను, ఆ గొడుగు వాళ్ళది కాదు. మొదట్లో రెండు మూడు నెలలకొకటి. ఈ ఏడాది వారానికొకటి.

అచ్చులాయన చూపు మసకబారుతోంది. ఆయన రాసిన తప్పుల్ని మూడేళ్ళుగా ఈవిడ గుట్టుచప్పుడు కాకుండా దిద్దుతోంది. దిద్దే ముందు ఆయన రాసింది చెరపడానికి చెయ్యిరాక, ఇక్కడ దాచిపెట్టి తాళం వేసుకుంది.

డ్రైవింగు మాస్టారిది వెతికాను. 'పాతవి'లో లేదు. ఆయన కొలత తీసిన తేదీ చూశాను. నేను పిత్తాశయంలో రాళ్ళతో ఆసుపత్రిలో పడి ఉన్న వారం అది. అత్తయ్య ఏడు రోజులూ నా మంచం పక్కన స్టూలు మీదే కూర్చుంది. తిరిగి పనికెళ్ళేసరికి మాస్టారు కొలతిచ్చి వెళ్ళిపోయాడు, నంబరు మిగిలింది. ఆ నంబరును నమ్మి వేసింది. నా మూలాన పడ్డ మాట అది, నాకు చెప్పనే లేదు.

లేచి బెంచీ దగ్గరికి వెళ్ళి పక్కన కూలబడ్డాను. చూశాను అన్నాను మెల్లగా. అత్తయ్య సంచీ పట్టీ గట్టిగా పట్టుకుంది. చెప్పేస్తాను, ఇప్పుడే చెప్పేస్తాను అన్నాను. నేను చెప్పకపోయినా ఎలాగూ బయటపడుతుందని కూడా అన్నాను. రేపటి నుంచి పేర్లు పడతాయి. ఆయన పన్నెండని రాస్తే, మీరు పదకొండున్నర చేస్తే, మార్చింది మీరేనని ఎదురుగా కనపడుతుంది. ఇన్నాళ్ళూ 'ఎవరూ కాదు' చాటున నడిచింది, ఇక నడవదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

"ఆయనకి తెలిస్తే కెమెరా పక్కన పెట్టేస్తాడు," అంది. "అది పక్కన పెడితే మనిషి ఎన్నాళ్ళుంటాడు? నేను కొత్తలో మూడు నెలల పాటు బిళ్ళలన్నీ పాడుచేశాను. అన్నీ తనే పాడుచేశానని వాళ్ళావిడకి చెప్పేవాడు. నా చెయ్యి పట్టుకుని నేర్పించాడు."

"మరి మీ కుర్చీ?"

"పోతే పోనీ. నువ్వు నోరు మూసుకుంటే చాలు. పదహారేళ్ళలో ఒక్కసారి అడుగుతున్నాను."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇంత మంచితనం ఎవరికి కావాలని అరవాలనిపించింది. ఆవిడ మొహం చూసి మింగేశాను. లోపలికి వెళ్ళి, పాతవేవో పనికిరాని ఫైళ్ళు, అంతే అని ఓనరు కూతురికి చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, నా మొహంలోనే తెలిసిపోయి ఉంటుంది. ఆ పిల్ల ఇంక ఏమీ అడగలేదు. మాట వెనక్కి తీసుకోనూ లేదు.

పేర్లు పెట్టడం మొదలెట్టాను. ముందుగది నుంచి కూడా పాతదాన్ని నడిపే ఏర్పాటు చేసుకుని, కొత్త కంప్యూటరు ముందే కూర్చున్నాను. ఓనరు కూతురికి ఒకటి, అత్తయ్యకు ఒకటి. మూడోదానికి అచ్చులాయన్ని పిలిచాను. ఆయన తడుముకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు. సంకేతపదం ఏం పెట్టమంటారని అడిగితే, అది తర్వాత చూద్దాం, ముందు ఒక సందేహం తీర్చమన్నాడు. రాసే అనుమతి వేరుగా, చూసే అనుమతి వేరుగా ఇవ్వొచ్చా అని. ఇవ్వొచ్చన్నాను.

"అయితే ఫోటోలు నేను పెడతాను. కొలతలూ నంబర్లూ ఉన్నచోట మాత్రం నాకు చూడ్డానికి మాత్రమే ఇవ్వమ్మా. రాసేది మీ అత్తగారికివ్వు."

ఎందుకు నాన్నా అంది కూతురు.

ఆయన తొందరపడలేదు. మెడకు వేలాడే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తను పన్నెండని రాస్తే మర్నాడు పదకొండున్నర ఉండేదని చెప్పాడు. మొదట మతిమరుపనుకున్నాడట. ఒకసారి కావాలని తప్పు నంబరు రాసి చూశాడట. మర్నాటికి అది సరిగ్గా ఉంది.

"కంప్యూటర్లు తప్పులు దిద్దవు కదా," అన్నాడు. "ఏడాదిన్నర నుంచి నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. మాస్టారి కంట్లో తప్పు నాది, ఆ వారం దిద్దడానికి మీ పిన్ని లేదు. నిన్న నువ్వు అంత మాట అన్నప్పుడు కూడా నోరెత్తలేదు. అది మాత్రం కొలతలో తప్పు కాదమ్మా."

నాకు చెయ్యాల్సిన పని ఉంది కాబట్టి బతికిపోయాను. ఫోటోలు ఒక ఫోల్డర్లోకి, కొలతలు ఒక ఫోల్డర్లోకి విడదీశాను. ఫోటోల్లో ఆయన రాయొచ్చు. కొలతల్లో చూడొచ్చు, అంతే. పని అయ్యాక సరిగ్గా పడిందో లేదో చూడాలి, అది నా అలవాటు. ఈసారి చూడకుండా లేచిపోదామనుకున్నాను. ఆయనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సంకేతపదం పెట్టుకుని తన పేరుతో లోపలికి వెళ్ళి, ఒక కొలత తెరిచి, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరికి వంగి, పదకొండు చెరిపి పన్నెండు కొట్టాడు. సేవ్ చెయ్యబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. మీకు ఇక్కడ రాసే అనుమతి లేదంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు.

"బాగా పనిచేస్తోందమ్మా," అన్నాడు.

ఓనరు కూతురు బెంచీ దగ్గరికి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది, అత్తయ్య అంతా విన్నది. ఆ పిల్ల పక్కన కూర్చుని, పిన్నీ అంది. తాళం వేశావని నేనన్నది అని మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయింది. అత్తయ్య సంచీ పక్కన పెట్టి, ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

"ఆ 'పాతవి' తీసేస్తాలే," అంది. "ఇంక అక్కర్లేదు."

"వద్దు పిన్నీ. దాని తాళం అలాగే ఉండనీ."

అత్తయ్య లేచి వెనకగదిలోకి వెళ్ళింది. కుర్చీ ఎవరు దించారని అక్కణ్ణుంచే అడిగింది. నేనేనన్నాను. వెళ్ళిన చోటల్లా ఏదో ఒకటి కదపందే చెయ్యి ఊరుకోదు అని గొణిగింది. ఆ గొణుగుడు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

బెంచీ మీద నల్లకళ్ళద్దాలావిడ ఎప్పట్నుంచో ఓపిగ్గా కూర్చుని ఉంది. అచ్చులాయన ఆవిణ్ణి లోపల కుర్చీలో కూర్చోబెట్టి, దీపం సరిచేసి, బాగున్న కంటికి ఫోటో తీశాడు. ఫోటో వెళ్ళింది. కొలత రాసేచోటు ఖాళీగా ఉంది. ఆయన వెనకగది వైపు తిరిగి, రమ్మని పిలిచాడు. అత్తయ్య వచ్చి, ఆవిడ గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వైపు తిప్పింది. ఈసారి అత్తయ్య చేతిలో మంచినీళ్ళ గ్లాసు లేదు.